మ్యాచ్ అయ్యాక చెబుదామని

శశికాంత్ పోయింది సెప్టెంబరులో ఒక శనివారం. ఆ రోజే అతని కొడుకు నీల్‌కి ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది.

స్కాట్లాండ్‌లోని డండీ నుంచి ఫోన్ వచ్చేసరికి అమెరికాలో, ఆష్‌బర్న్‌లో ఉదయం పదకొండు గంటలు. శశికాంత్ అక్క శ్రీవల్లి వంటింట్లో మేనల్లుడు నీల్ కోసం బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. చేతులు తడిగా ఉన్నాయని చిటికెన వేలితో నొక్కి స్పీకర్‌లో పెట్టింది.

ఫోన్ చేసింది ఐలీన్, శశికాంత్ భార్య. స్కాట్లాండ్ మనిషి. మామూలుగానే మాట తక్కువ. ఆ రోజూ తక్కువే మాట్లాడింది. పాలు తేవడానికి వెళ్ళి, తిరిగి వస్తూ ఇంటి మెట్ల మీద కూలిపోయాడంది. అంబులెన్సు వచ్చేసరికి అయిపోయిందంది. శ్రీవల్లి చేతిలో బంగాళాదుంప అలాగే ఉంది. దాన్ని నీళ్ళలో వేసింది.

"వల్లీ, వింటున్నావా?"

"వింటున్నాను."

"నీల్‌కి నువ్వే చెప్పాలి. ఫోన్లో నేను చెప్పలేను. వాడి పక్కన కూర్చుని చెప్పు. చెప్పేటప్పుడు వాణ్ణి పట్టుకో. ఇప్పుడే చెప్పు, ఆటకి వెళ్ళకముందే. వాడికి మాట్లాడాలనిపించినప్పుడు నాకు చెయ్యమను. తొందర లేదు. ఇక్కడ పోలీసులు వచ్చారు. హఠాత్తుగా పోతే ఇక్కడ పోలీసులు వస్తారు."

"చెబుతాను" అంది శ్రీవల్లి.

ఫోన్ పెట్టేశాక వెనక్కి తిరిగితే మెట్ల మీద కూతురు స్మృతి కూర్చుని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల. రెండు చేతులతో నోరు మూసుకుంది. శ్రీవల్లి పెదవుల మీద వేలు పెట్టి, పైన నీల్ గదివైపు చూపించింది. ఎందుకలా చేసిందో ఆ నిమిషంలో ఆమెకే తెలియదు. ఇరవై ఏడేళ్ళుగా బడిలో ఏడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతోంది. అరుపులు మొదలవకముందే వేలు పెట్టడం చేతికి అలవాటు.

నీల్ పైన నిద్రపోతున్నాడు. మ్యాచ్ రోజు ఉదయం లేచి నడిచి వచ్చి, మళ్ళీ ఒక గంట పడుకుంటాడు. ఆ రోజు ఫోన్ ముట్టుకోడు. ఆ నియమం వాళ్ళ నాన్న పెట్టిందే. ఆట అయ్యాకే ఫోన్. మొదటి ఫోన్ నాన్నకి.

నీల్ ఆట అంతా వాళ్ళ నాన్న పెట్టిన నియమాల మీదే నడిచింది. తొమ్మిదేళ్ళప్పుడు డండీలో ఒక క్లబ్ వాళ్ళు పిల్లల జట్టులోకి తీసుకున్నారు. వారానికి మూడు సాయంత్రాలు ప్రాక్టీసు. ఆస్పత్రి ఫార్మసీలో పగలంతా నిలబడి పనిచేసే శశికాంత్ ఆ మూడు సాయంత్రాలూ కారులో తీసుకెళ్ళేవాడు. మిగతా తండ్రులు వానలో టీ తాగుతూ నిలబడేవాళ్ళు. ఇతను ఫ్లాస్కులో మిరియాల చారు పోసుకుని వెళ్ళేవాడు. పదేళ్ళు అలా వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళకు నీల్ పెద్ద జట్టుకు రెండుసార్లు ఆడాడు. రెండూ కలిపి ఇరవై మూడు నిమిషాలు. పంతొమ్మిదేళ్ళకు ఆఫీసులోకి పిలిచి, నీతో ఒప్పందం కొనసాగించడం లేదన్నారు. ఆ తర్వాత ఏడాదిన్నర పగలు గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ, వారాంతాల్లో చిన్న ఊరి జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమపక్క కాపలా కాసేవాడిగా ఆడాడు. గోధుమరంగు మొహం, స్కాట్లాండ్ యాస. గట్టు మీద నుంచి అరిచేవాళ్ళు ఏదో ఒకటి అరుస్తూనే ఉండేవాళ్ళు. నీల్ ఇంటికొచ్చి చెప్పేవాడు కాదు. వాళ్ళ నాన్న అక్కడే నిలబడి వినేవాడు కాబట్టి చెప్పాల్సిన అవసరమూ ఉండేది కాదు.

నీల్‌కి ఏజెంటు లేడు. శశికాంతే వీడియోలు కత్తిరించి, అమెరికాలో నలభై క్లబ్బులకు ఉత్తరాలు రాశాడు. ఎప్పుడో మండపేట హైస్కూల్లో నేర్చుకున్న ఇంగ్లీషు. "గౌరవనీయులైన అయ్యగారికి, నా కుమారుడు ఎడమకాలితో మిక్కిలి చక్కగా బంతిని అందించగలడని తమ దృష్టికి తెచ్చుచున్నాను" అన్న ధోరణిలో. నలభైలో ఒక్క క్లబ్ జవాబిచ్చింది. వర్జీనియాలో మూడో అంచె లీగ్‌లో ఆడే కాటాక్టిన్ ఎఫ్‌సీ. ఇరవై ఏళ్ళలో ఇంత మర్యాదగా తనకెవరూ రాయలేదని ఆ కోచ్ ఆ ఉత్తరాన్ని ఇప్పటికీ గోడకు పెట్టుకున్నాడు. క్లబ్ మైదానం శ్రీవల్లి ఇంటికి పావుగంట దూరం. అలా నీల్ వచ్చి మేనత్త ఇంట్లో దిగాడు. దిగి రెండేళ్ళయింది.

దిగిన మొదటి వారం ఏం పెట్టనా అని అడిగితే "ఆయ్ అత్తా" అన్నాడు. శ్రీవల్లి గరిటె పట్టుకుని నిలబడిపోయింది. గోదావరి జిల్లాలో పెద్దవాళ్ళ ముందు అనే మాట అది. స్కాట్లాండ్‌లో అవుననడానికీ అదే అంటారట. ఆ రాత్రి ఫోన్లో శశికాంత్ పడీ పడీ నవ్వాడు. "అందుకే అక్కా, నాకిక్కడ పరాయి ఊరనిపించలేదు" అన్నాడు. శ్రీవల్లి భర్త రాధాకృష్ణ కరీంనగర్ మనిషి. "బావా మరదళ్ళు ఒక్క ఇంట్ల ఉన్నరు, ముహూర్తం చూడాలె ఇగ" అని వేళాకోళం చేస్తే స్మృతి చెవులు మూసుకునేది. "ఈవ్, డాడ్! హీ ఈజ్ మై కజిన్! గ్రాస్!" అని అరిచేది. నీల్ పళ్ళెంలోకి చూస్తూ, "నాకూ అంత ఇష్టమేం లేదు, కంగారుపడకు" అనేవాడు.

ఆ శనివారం మ్యాచ్ మామూలు మ్యాచ్ కాదు. నవంబరుతో నీల్ ఒప్పందం అయిపోతుంది. ఒప్పందం పోతే వీసా పోతుంది. కాటాక్టిన్ కొనసాగించేలా లేదు. పై లీగ్ క్లబ్ ఒకటి మనిషిని పంపి ఆ సాయంత్రం నీల్ ఆట చూడబోతోంది. అలా చూడడం అది మొదటిసారి. రెండోసారి ఉండకపోవచ్చు. ఇరవై రెండేళ్ళ లెఫ్ట్ బ్యాకులు ప్రపంచంలో కొల్లలుగా ఉంటారని నీల్ తనే చెప్పాడు.

శ్రీవల్లి పైకి వెళ్ళింది. నీల్ గది తలుపు దగ్గర నిలబడింది. లోపల ఊపిరి వినిపిస్తోంది. తలుపు మీద చెయ్యి పెట్టింది.

ఆమె బి.ఎడ్. పరీక్షలు రాస్తున్నప్పుడు నాన్న పోయాడు. రాజమండ్రిలో హాస్టలు. సోమవారం నాన్న పోయాడు. పరీక్షలు గురువారం దాకా. ఇంట్లో పెద్దవాళ్ళు కూర్చుని, పరీక్షలయ్యాక చెబుదామనుకున్నారు. క్యారియర్ తీసుకెళ్ళే పని తమ్ముడికి అప్పజెప్పారు. శశికి అప్పుడు పదమూడేళ్ళు. సోమవారం చితికి నిప్పు పెట్టిన చేత్తోనే మంగళవారం క్యారియర్ పట్టుకొచ్చాడు. "నాన్న ఎలా ఉన్నాడ్రా?" అని అడిగింది. "బాగున్నాడు" అన్నాడు. బుధవారం కూడా వచ్చాడు. గురువారం మధ్యాహ్నం చెప్పారు. ఆమెకు ఫస్ట్ క్లాసు వచ్చింది. ఆ ఫస్ట్ క్లాసుతోనే ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, ఇక్కడిదాకా వచ్చింది. ఆ రోజు చెప్పకపోవడం మంచిదయిందని ఇంట్లో అందరూ ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు. ఆమె కూడా చెప్పుకుంది.

తలుపు మీద నుంచి చెయ్యి తీసేసి కిందికి దిగింది.

గరాజ్‌లో రాధాకృష్ణ కారు శుభ్రం చేస్తున్నాడు. విషయం చెప్పింది. అతను గుడ్డ కింద పడేశాడు.

"పిలగానికి చెప్పినవా?"

"లేదు."

"మంచిపని చేసినవ్. మ్యాచ్ అయినంక చెబుదాం తీ. ఇప్పుడు చెప్తే ఏమొస్తది? బామ్మర్ది ఎట్లాగు లేడు. పిలగాని చాన్సు కూడ పోతది. ఐలీన్ ఏమన్నది?"

"నన్నే చెప్పమంది" అంది శ్రీవల్లి. ఇప్పుడే చెప్పమందన్న మాట అనలేదు.

పన్నెండింటికి నీల్ కిందికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. ఉడికించిన బంగాళాదుంపలు, కోడి మాంసం, ఉప్పూకారం తక్కువ. స్మృతి ఎదురుగా కూర్చుని పళ్ళెం ముట్టుకోలేదు.

"దీనికేమైంది అత్తా? మాట్లాడదేంటి? ఎవడైనా వదిలేశాడా?"

స్మృతి లేచి పైకి వెళ్ళిపోయింది. తలుపు వేసిన చప్పుడు వినిపించింది.

"అయ్యో, నిజంగానే వదిలేశాడా?" అన్నాడు నీల్, కంగారుగా. "సారీ చెప్పనా?"

"తలనొప్పట. నువ్వు తిను" అంది శ్రీవల్లి.

అతను తిన్నాడు. ఇంకొంచెం వడ్డించింది. అది కూడా తిన్నాడు. ఒంటిగంటన్నరకు సంచీ భుజాన వేసుకుని, "వస్తావుగా?" అన్నాడు. "వస్తాను" అంది. కారు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడింది. లోపలికొచ్చి గిన్నెలు కడిగింది. ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు ఉబ్బుతాయి. నీల్ చూస్తాడు.

నాలుగు గంటలకు ఆట మొదలైంది. రెండు వేల మంది పట్టే మైదానం, సగం నిండింది. శ్రీవల్లి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. రాధాకృష్ణ పక్కన కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. ఆమెకు ఫుట్‌బాల్ పెద్దగా తెలియదు. అయినా ఆ రోజు నీల్ బాగా ఆడుతున్నాడని ఆమెకే తెలిసింది. బంతి ఎటు వెళ్ళబోతోందో ముందే తెలిసినవాడిలా అక్కడ ఉంటున్నాడు. పక్కనున్న వాళ్ళు అతని పేరు పలకడం మొదలుపెట్టారు.

అరవై ఎనిమిదో నిమిషంలో నీల్ గోల్ కొట్టాడు. రెండేళ్ళలో అది రెండో గోల్. బంతి వలలో పడగానే మైదానం అంచున ఉన్న కెమెరా దగ్గరికి పరుగెత్తి, ఫ్లాస్కు మూత ఎత్తి తాగుతున్నట్టు చెయ్యి నోటి దగ్గర పెట్టాడు. నవ్వుతున్నాడు. అది నాన్నకోసం. డండీలో నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తూ ఉంటాడు. తర్వాత మేనత్తవైపు తిరిగి రెండు చేతులూ ఎత్తాడు.

అందరూ లేచి చప్పట్లు కొట్టారు. శ్రీవల్లి కూడా లేచింది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఆరు గంటలకు కార్ల దగ్గర చెప్పింది. అప్పటికింకా ఎండ ఉంది. జుట్టు తడిగా, ఫోన్ చేతిలో పట్టుకుని నడుస్తూ వచ్చాడు. ఇంకా ఆన్ చెయ్యలేదు. "ఆ క్లబ్ మనిషి కోచ్‌తో మాట్లాడుతున్నాడట అత్తా. నాన్నకి చెప్పాలి" అన్నాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుంది. మధ్యాహ్నం నుంచి మాటలు సిద్ధం చేసుకుంది. వాటిలో ఒక్కటీ వాడలేదు. "మీ నాన్న పోయాడు నాన్నా" అంది.

నీల్ కూలబడలేదు. ఏడవలేదు. ఫోన్‌కేసి చూశాడు.

"ఎప్పుడు?"

"పొద్దున. మనకి పది గంటలకి."

"నీకెప్పుడు తెలిసింది?"

"పదకొండుకి."

అతను లెక్క వేసుకున్నాడు. పదకొండు తర్వాత భోజనం. భోజనం తర్వాత మైదానం. మైదానంలో చప్పట్లు. ఆమె మొహంలోకి చూశాడు.

"అమ్మ చెప్పొద్దందా? ఆట అయ్యేదాకా?"

రాధాకృష్ణ రెండడుగులు దూరంగా నిలబడి ఉన్నాడు. పక్క కారులో చిన్నపిల్ల ఎవరో ఐస్‌క్రీము కోసం మారాం చేస్తోంది.

"అవును" అంది శ్రీవల్లి.

తొమ్మిది రోజుల తర్వాత డండీలో అంత్యక్రియలు. అక్కడ అన్ని రోజులు ఆగుతారు. ఇంటికి దగ్గర్లోని డల్లెస్ విమానాశ్రయం నుంచి శ్రీవల్లీ నీలూ కలిసి వెళ్ళారు. విమానంలో చాలాసేపటికి నీల్ ఒకసారి మాట్లాడాడు.

"మా దగ్గర ఒక పద్ధతుంది అత్తా. ఆటగాడి ఇంట్లో ఎవరైనా పోతే జట్టంతా చేతికి నల్లపట్టీ కట్టుకుంటుంది. ఆటకి ముందు ఒక నిమిషం నిలబడతారు. నేను వేరేవాళ్ళ నాన్నల కోసం నిలబడ్డాను. నాకు తెలిసుంటే ఆడకపోయేవాణ్ణి. లేదా పట్టీ కట్టుకుని ఆడేవాణ్ణి. రెండిట్లో ఏదో ఒకటి నేను ఎంచుకునేవాణ్ణి. అమ్మ నన్ను అడగలేదు. నేను వెర్రివాడిలా నవ్వుతూ కెమెరా ముందుకెళ్ళి నిలబడ్డాను."

శ్రీవల్లి ముందు సీటు వెనకనున్న తెర మీద విమానం బొమ్మను చూస్తూ ఉంది. సముద్రం మీద ఉంది.

ఐలీన్ గుమ్మంలో కొడుకుని పట్టుకుంది. నీల్ నిలబడి పట్టుకోనిచ్చాడు. అంతే. ఆ ఇంట్లో ఉన్న ఆరు రోజులూ తల్లితో పెళుసుగా ఏమీ అనలేదు. కప్పులు కడిగాడు, కుర్చీలు మోశాడు, వచ్చినవాళ్ళకు కోట్లు అందించాడు. శశికాంత్‌తో కలిసి వానలో నిలబడిన తండ్రులు ఎనిమిది మంది వచ్చారు. వాళ్ళతో కూడా మర్యాదగా మాట్లాడాడు. తల్లి గదిలోకి వస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

అంత్యక్రియల మర్నాడు వంటింట్లో ఐలీన్ గిన్నెలు కడుగుతుంటే శ్రీవల్లి తుడుస్తోంది. ఐలీన్ కుళాయి కట్టేసింది.

"ఒక మాట చెప్పనా వల్లీ? ఆ రోజు మ్యాచ్ నేను చూశాను."

శ్రీవల్లి చేతిలో కప్పు తుడుస్తూనే ఉంది.

"పొద్దున్నే శశి కంప్యూటర్ సిద్ధం చేసి పెట్టాడు. వాళ్ళు అతన్ని తీసుకెళ్ళాక నేనొక్కదాన్నే కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక అది పెట్టుకున్నాను. వాడు ఆడడనుకున్నాను. ఆడాడు. సరే, నాన్నకోసం ఆడుతున్నాడనుకున్నాను. గోల్ కొట్టాక ఆ చారు తాగడం చేశాడు చూడు, అది నాకు అర్థమైంది. కానీ వాడు నవ్వాడు. నిజంగా నవ్వాడు వల్లీ. తండ్రి పోయాడని తెలిసిన ఐదారు గంటల్లో వాడు అలా ఎలా నవ్వాడో నాకు తెలియడం లేదు." మళ్ళీ కుళాయి తిప్పింది. "అడగను. ఒక్కొక్కరు ఒక్కోలా బాధపడతారు. వాడు నాకు మర్నాటిదాకా ఫోన్ కూడా చెయ్యలేదు. అడగను."

"అవును, ఒక్కొక్కరు ఒక్కోలా" అంది శ్రీవల్లి.

కప్పు అలమారలో పెట్టి ఇంకోటి తీసుకుంది. అప్పుడు చెప్పొచ్చు. వంటింట్లో ఇద్దరే ఉన్నారు. నీల్ పై గదిలో ఉన్నాడు, పిలిస్తే వస్తాడు. ఆరు కప్పులు తుడిచింది. ఏడోదానికి ఐలీన్ చెల్లెలు లోపలికి వచ్చింది.

ఆష్‌బర్న్ తిరిగొచ్చేసరికి పై క్లబ్ వాళ్ళు కబురు పంపారు. రెండేళ్ళ ఒప్పందం. నవంబరు పదిహేను లోపు సంతకం పెట్టాలి. కాటాక్టిన్ కోచ్ స్వయంగా ఇంటికొచ్చి, సోఫాలో కూర్చుని, రాధాకృష్ణ ఇచ్చిన కాఫీ తాగి, ఇలాంటిది తన క్లబ్ నుంచి ఏ ఆటగాడికీ రాలేదని చెప్పాడు. నీల్ కృతజ్ఞతలు చెప్పాడు. కాగితాలు తన గదిలో బల్ల మీద పెట్టుకున్నాడు.

సంతకం పెట్టలేదు. మిగిలిన మ్యాచుల్లో రెండింటిలో ఆడాడు. పరుగెత్తాల్సిన చోట పరుగెత్తాడు, బంతి ఇవ్వాల్సినవాడికి ఇచ్చాడు. పక్కన కూర్చునేవాళ్ళు అతని పేరు పలకలేదు. ఆ తర్వాత బెంచీ మీద కూర్చున్నాడు. అడిగితే ఒంట్లో బాగానే ఉందన్నాడు.

"వాళ్ళు చూసింది ఆ ఒక్క మ్యాచే అత్తా" అన్నాడు ఒకరోజు, ఫ్రిజ్ తలుపు తెరిచి లోపలికి చూస్తూ. "వాళ్ళకి కావలసింది ఆ రోజు ఆడినవాడు. వాడికి నాన్న ఉన్నాడు. నేను మళ్ళీ అలా ఆడలేను. ఆ వీడియో పంపారు, చూడమని. మొదటి నిమిషం కూడా చూడలేకపోయాను." తలుపు మూసేశాడు. "అమ్మ నాకు చెప్పుంటే ఆ మ్యాచే ఉండేది కాదు. అప్పుడు బాగుండేది."

నవంబరు మొదటి వారంలో ఒకరోజు స్మృతిని శ్రీవల్లి బడి నుంచి కారులో తీసుకొస్తోంది. ఎర్రలైటు దగ్గర ఆగగానే స్మృతి మొదలుపెట్టింది.

"మామ్, నేను ఆ రోజు స్టెయిర్స్ మీద ఉన్నాను."

"తెలుసు."

"ఐలీన్ ఆంటీ నౌ అని చెప్పింది. రైట్ నౌ అని చెప్పింది. నేను విన్నాను. నీల్ ఏమో వాళ్ళ మామ్ దాచమంది అనుకుంటున్నాడు. నువ్వు అలా చెప్పావు కదా?"

శ్రీవల్లి లైటు వైపే చూసింది.

"నువ్వు నాకు కూడా చేశావు మామ్. వేలు పెట్టి ష్ అన్నావు. నేను లంచ్ టేబుల్ దగ్గర అతని ఫేస్ చూస్తూ కూర్చున్నాను. ఐ వాజ్ పార్ట్ ఆఫ్ ఇట్. అతను నాకు సారీ చెప్పాడు తెలుసా? తలుపు దగ్గరకొచ్చి. మ్యాచ్‌కి వెళ్ళే ముందు."

"చెబుతాను అతనికి."

"ఎప్పుడు? అతనికి ఒక్క పేరెంటే మిగిలింది. వాళ్ళు మాట్లాడుకోవడం లేదు, బికాజ్ ఆఫ్ యూ. నీమీద కోపం వస్తే రానీ. నీమీద కోపంతోనైనా కాంట్రాక్ట్ సైన్ చేస్తాడేమో. ఎవరికి తెలుసు?"

వెనక కారువాడు హారన్ కొట్టాడు. లైటు ఎప్పుడో పచ్చబడింది.

"నేను చెప్పను" అంది స్మృతి, ఇల్లు దగ్గరపడుతుండగా. "అది నువ్వే చెప్పాలి. కానీ నన్ను అడిగితే మాత్రం నేను అబద్ధం చెప్పను."

నీల్ స్మృతిని ఎప్పుడూ అడగలేదు. అతనికి అనుమానం లేదు.

పదిహేనో తేదీ గడిచిపోయింది. పదహారున పై క్లబ్ వాళ్ళు మర్యాదగా ఒక వాక్యం రాసి పంపారు. కాటాక్టిన్ ఒప్పందం నెలాఖరుతో ముగిసింది. నీల్ డండీ వెళ్ళడం లేదు. స్కాట్లాండ్ ఉత్తరాన ఒక పాత స్నేహితుడున్నాడు. అతని ఇంట్లో సోఫా ఉంది. ఆ ఊరి జట్టులో వారానికి రెండు సాయంత్రాలు ప్రాక్టీసు ఉంటుంది. పగలు పని ఏదో దొరుకుతుంది. ఇరవై రెండేళ్ళ వయసులో రెండేళ్ళ క్రితం బయల్దేరిన చోటికంటే కొంచెం వెనక్కి వెళ్తున్నాడు. అది అతను మామూలు గొంతుతోనే చెప్పాడు.

వెళ్ళే రోజు శ్రీవల్లే విమానాశ్రయానికి తీసుకెళ్ళింది. ఇంటి నుంచి పద్నాలుగు నిమిషాలు. ముందురోజంతా ఆ పద్నాలుగు నిమిషాల్లో ఎప్పుడు మొదలుపెట్టాలో ఆలోచించింది. హైవే ఎక్కగానే చెప్పాలనుకుంది. వాక్యం కూడా ఖాయం చేసుకుంది: మీ అమ్మ చెప్పమంది, నేనే చెప్పలేదు. ఐదు మాటలే.

హైవే ఎక్కింది. రెండువైపులా కిటికీల్లేని డేటా సెంటర్లు వరసగా వెళ్తున్నాయి.

"నీల్" అంది.

"ఆయ్ అత్తా."

"మీ అమ్మకి చెప్పావా, ఎక్కడికి వెళ్తున్నావో?"

"మెసేజ్ పెట్టాను." కిటికీలోంచి చూస్తున్నాడు. "నువ్వేం చెప్పబోతున్నావో తెలుసు. అమ్మని క్షమించమంటావు. ఎప్పుడో క్షమిస్తానేమో. ఇప్పుడు కాదు. నీమీద నాకు ఏం లేదు అత్తా, అది నువ్వు తెలుసుకోవాలి. నీకు చెప్పింది చేశావంతే. పాపం, నీ తమ్ముడు పోయి కూడా నాకు అన్నం పెట్టావు. వచ్చి కూర్చున్నావు. నువ్వు గనక అక్కడ లేకపోతే నాకు అసలు ఇప్పుడు ఎవరూ..." అక్కడితో ఆపేశాడు. అతని మాట తల్లి మాటలాగే చిన్నది.

శ్రీవల్లి రెండు చేతులతో స్టీరింగు పట్టుకుంది. విమానాశ్రయం మలుపు వచ్చింది. తిరిగింది.

దిగేచోట కారు ఆపి, సంచీలు దింపడానికి సాయం చేసింది. అతను వంగి ఆమెను గట్టిగా పట్టుకున్నాడు. వెనక నిలబడ్డ కార్లను పోలీసు చెయ్యి ఊపి తొందరపెడుతున్నాడు. "చేరగానే ఫోన్ చెయ్యి" అంది. "ఆయ్" అన్నాడు. గాజు తలుపులు తెరుచుకున్నాయి. సంచీ భుజాన వేసుకుని లోపలికి వెళ్ళాడు. ఆమె కారులో కూర్చుంది. పోలీసు వచ్చి అద్దం మీద తట్టేదాకా కదలలేదు.

చేరగానే ఫోన్ చేశాడు. అప్పటి నుంచి ప్రతి శనివారం ఆట అయ్యాక చేస్తున్నాడు. మొదటి ఫోన్ ఇప్పుడు మేనత్తకి. ఎన్ని నిమిషాలు ఆడాడో చెబుతాడు, అక్కడి చలి గురించి చెబుతాడు. ఆదివారం ఐలీన్ చేస్తుంది. "నీతో మాట్లాడాడా? ఎలా ఉన్నాడు?" అని అడుగుతుంది. శ్రీవల్లి తనకు శనివారం తెలిసింది చెబుతుంది. ఐలీన్ వింటుంది. "నేను వాడికి ఏం చేశానో తెలియడం లేదు వల్లీ" అంటుంది ఒక్కోసారి. శ్రీవల్లి అక్కడి చలి గురించి అడుగుతుంది.

ఇప్పుడు ఫిబ్రవరి. శ్రీవల్లి నీల్‌కి ఇంకా చెప్పలేదు. ఐలీన్‌కీ చెప్పలేదు.